గ్రూప్-2 సిలబస్ చూస్తేనే కాళ్ళు చేతులు ఆడట్లేదు, ఎక్కడ పట్టుకోవాలి?

సగంచదువు:

అందరికీ నమస్తే. ఏడాది నుంచి ఇక్కడ అందరూ రాసేవి చదువుతూ పోతున్నానే గానీ నోరు విప్పింది లేదు, ఇవాళ ఇక ఎవరికి చెప్పుకోవాలో తెలీక రాస్తున్నా, కాస్త పొడుగైతే ఏమనుకోకండి.

మాది ఖమ్మం. నాకు 31. బీఎస్సీ, బీఈడీ. బాబు పుట్టేదాకా ఒక ప్రైవేట్ స్కూల్లో తొమ్మిది, పది తరగతులకి బయాలజీ చెప్పాను, ఇప్పుడు వాడు ఎల్‌కేజీలో చేరాడు కాబట్టి పొద్దున తొమ్మిదింటి నుంచి మధ్యాహ్నం మూడింటిదాకా ఇల్లంతా ఖాళీ. మా ఆయన ఎలక్ట్రికల్ షాపులో చేస్తారు, "ఈ రెండేళ్ళు నువ్వు చదువుకో, మిగతాది నేను చూస్కుంటా" అన్నారు. అత్తమ్మ కూడా ఒక్క మాట అనరు. అంటే నెపం వెయ్యడానికి ఇంట్లో ఎవరూ లేరన్నమాట, నాకు అదే ఇంకా కష్టంగా ఉంది.

తెలంగాణ గ్రూప్-2 అంటే నాలుగు పేపర్లు, ఒక్కోటి 150, మొత్తం 600 మార్కులు, ఇంటర్వ్యూ లేదు, బానే ఉంది కదా అనుకుని సిలబస్ ప్రింట్ తీయించా. అది చేతిలోకి వచ్చిన రోజు నుంచి కడుపులో తిప్పినట్టు ఉంటోంది. శాతవాహనుల నుంచి డేటా ఇంటర్‌ప్రిటేషన్ దాకా, విపత్తుల నిర్వహణ నుంచి వలసల దాకా, అసలు అందులో పెట్టకుండా వదిలేసింది ఏమైనా ఉందా?

నిన్న పొద్దున సంగతి చెప్తా. నాలుగున్నరకి లేచి టీ పెట్టుకుని కూర్చున్నా. కాకతీయులు తీశా. రెండో పేజీలో నాయంకర విధానం అని వచ్చింది, సరిగ్గా ఎక్కలేదు, ఇంకో పుస్తకంలో ఏమిచ్చారో చూద్దామని అది తీశా, అందులో ఇంకోలా ఉంది, ఏది కరెక్టో అని యూట్యూబ్ తెరిచా, పక్కనే "90 రోజుల్లో గ్రూప్-2" అని నలభై నిమిషాల వీడియో, అది మొత్తం చూశా, కింద కామెంట్లలో ఒకావిడ "నా మూడో రివిజన్ అయిపోయింది" అని పెట్టింది. అంతే, పుస్తకం మూసేశా. ఆలోచిస్తూ నిలబడితే ఆరున్నరకి పాలు పొంగి స్టవ్ అంతా కారింది. రెండు గంటల్లో నేను చదివింది పేజీన్నర.

బీరువాలో 23 పుస్తకాలున్నాయి, లెక్కపెట్టా. టెలిగ్రామ్‌లో 11 గ్రూపులు. ఫోన్ నిండిపోతే బాబు ఫోటోలు డిలీట్ చేసి మరీ పీడీఎఫ్‌లు దాచుకున్నా, వాటిలో తెరిచినవి వేళ్ళమీద లెక్క. టైంటేబుల్ స్కెచ్ పెన్నులతో నాలుగుసార్లు రాశా, ఐదోది మా వాడే గీసిచ్చాడు, ఏదీ మూడో రోజు దాటలేదు.

ఏ పుస్తకం మంచిదని అడగట్లేదు, దయచేసి కొత్త పుస్తకం పేరు చెప్పకండి. చదువు రాక కాదు, గుండె బొమ్మ బోర్డు మీద కళ్ళు మూసుకుని వేసి పాఠం చెప్పినదాన్ని. కూర్చోగానే మొత్తం ఒక్కసారే మీద పడుతున్నట్టయి చేతులు ఆగిపోతున్నాయి. దీన్నుంచి ఎవరైనా బయటపడ్డారా?


టాపర్_కావాలి:

మేడమ్ కసి ఉండాలి అంతే. రోజుకి 12 గంటలు, ఫోన్ పక్కన పడేయండి. నా దగ్గర వంద రోజుల ప్లాన్ పీడీఎఫ్ ఉంది, మెసేజ్ చేస్తే పంపిస్తా.


అశోక్‌నగర్_పాతకాపు:

తమ్మీ, ఆమె పీడీఎఫ్‌లు ఎక్కువై మునిగిపోతున్న అంటే నువ్వు ఇంకోటి ఇస్తానంటున్నవ్ :)

అక్కా, మీ నాయంకర కథ చదువుతుంటే నవ్వొచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. నాది గదే కథ, పేజీ ఒక్కటే వేరు.

2022 డిసెంబర్‌ల 783 పోస్టులకు నోటిఫికేషన్ పడ్డప్పుడు కరీంనగర్ నుంచి సంచి సర్దుకొని హైదరాబాద్‌ల కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ వచ్చిన. రూంల నలుగురం. పొద్దున్నే చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీకి ఉరికితేనే సీటు, లేకపోతే బయట చెట్టుకిందనే. పగటీలి ఐదు రూపాయల భోజనం. పరీక్ష వాయిదా మీద వాయిదా పడి చివరికి 2024 డిసెంబర్ 15, 16ల అయ్యింది, అంటే రెండేండ్లు. బయటోళ్ళు "మంచిగ టైం దొరికింది కదరా" అనేటోళ్ళు. టైం దొరికినకొద్దీ నా పుస్తకాలు పెరిగినయ్, ధైర్యం తగ్గింది. రూంమేట్ ఏదన్న కొత్త జిరాక్స్ తెచ్చుకుంటే అది నా దగ్గర లేదని రాత్రి నిద్ర పట్టకపోయేది. చదవనీకి కాదు, ఉండనీకి.

మార్పు ఎట్ల వచ్చిందంటే నేనేదో గొప్పగ ఆలోచించి చేసింది కాదు. 2023 ఎండాకాలంల కామెర్లయి ఇంటికి పోయిన. నెల దాటి మంచంల ఉన్న. పుస్తకాలన్నీ హైదరాబాద్ రూంల, నా సంచిల ఒక్క నోటుబుక్కు, అది కూడ తెలంగాణ ఉద్యమ చరిత్రది, పేపర్-4ది. ఏం తోచక అదే తిప్పుడు. అప్పటిదాక నాకు ముల్కీ నిబంధనలు ఒక టాపిక్కు, పెద్దమనుషుల ఒప్పందం ఇంకో టాపిక్కు, ఆరు సూత్రాల పథకం ఒకటి, 371-డి ఒకటి, 610 జీవో ఒకటి, ఒక్కోదానికి ఒక్కో రంగు హైలైటర్. ఒకరోజు మా నాయిన పక్కన కూసొని "గంత సేపు ఏం సదువుతున్నవ్‌రా, నాకు జెర చెప్పు" అన్నడు. చెప్పుడు మొదలువెట్టిన.

ముల్కీ అంటే ఇక్కడి స్థానికుడు, సర్కారు కొలువులు ముల్కీలకే అన్నది రూలు. బయటోళ్ళు దొంగ ముల్కీ సర్టిఫికెట్లతోని కొలువులు పట్టుకుంటున్నరని 1952ల లొల్లి అయ్యింది, సిటీ కాలేజీ కాడ కాల్పులు. అందుకే 1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ పెద్దమనుషులు కూసొని తెలంగాణకు రక్షణలు రాసుకున్నరు. రాసుకున్నదాని మీద నిలబడలే, 1969ల మళ్ళ లేచింది, నాన్‌ముల్కీలను వాపస్ పంపుతమని 36 జీవో ఇచ్చిన్రు. 1972ల ముల్కీ నిబంధనలు చెల్లుతయని సుప్రీంకోర్టు అంటే అటు ఆంధ్రల జై ఆంధ్ర ఉద్యమం లేచింది. రెండు దిక్కుల సముదాయించనీకి 1973ల ఆరు సూత్రాలు, దానికోసం రాజ్యాంగంల 371-డి, దాని కింద 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు. ఆ ఉత్తర్వులు తప్పి కొలువులల్ల చేరినోళ్ళను వాపస్ పంపనీకి 1985 డిసెంబర్ 30న 610 జీవో.

చెప్తుంటే నాకే తెలిసింది, ఇది ఐదారు టాపిక్కులు కాదు, ఒక్కటే కొలువుల పంచాయితీ, ముప్పై ఏండ్లు నడిచింది. మా నాయిన '69ల చిన్న పిల్లగాడు, "బడులు బందైతే చెరువుల ఈత కొట్టినం" అని ఆయన ముచ్చట ఆయన కలిపిండు. ఆ రోజు తర్వాత ఆ నోటుబుక్కు తెరవలే, తెరిచే పని పడలే.

అందరు పెద్ద పనిని ముక్కలు చెయ్యి అంటరు. నన్ను ముక్కలే సంపినయ్ అక్కా. ఆ ముక్కలన్నిటినీ ఒక దారానికి గుచ్చినంక బరువు దిగింది. మీరు పంతులమ్మ కాబట్టి మీకింకా అల్కగ అయితది, మీ ఆయనకో అత్తమ్మకో అన్నం తినేటప్పుడు చెప్పి చూడుండ్రి, ఎక్కడ నోరు ఆగుతదో అక్కడ మీకు తెల్వదన్నట్టు.

ఇంకోటి. పుస్తకం తెరిచేముందు పాత పేపర్ తెరువుండ్రి. ఆ 2024 పేపర్-4 తీసుకొని గడియారం పక్కన పెట్టకుండ, పెన్ను పట్టుకొని కూసోండ్రి. తెలిసినదానికి టిక్కు, అనుమానమున్నదానికి చుక్క, ఏమీ తెల్వనిదానికి సున్న. కామెర్లు తగ్గినంక నేను గట్లనే ఒక పాత పేపర్ పెట్టుకుంటే 150కి 63 వచ్చినయ్. ఏం రాదు ఏం రాదు అనుకుంటనే 63. మళ్ళ అవే ప్రశ్నలు రావు, నాకు తెల్సు, కాని ఎంత దూరముందో తెలిసింది కదా, అప్పటిదాక అది కూడ తెల్వదు.

నాయంకర కూడ చెప్పి పోత. రాజు నాయకులకు ఊర్లిస్తడు, వాళ్ళు ఆ ఆదాయంతోని సైన్యాన్ని సాకి యుద్ధమొస్తే తోలాలె. ప్రతాపరుద్రుని కాలానికి 77 మంది నాయకులుండేవారని చెప్తరు. ఒక్క బిట్టుకు ఇంత చాలు. ఇట్లాంటి అనుమానం వస్తే నోటుబుక్కు ఆఖరి పేజీల రాసుకొని ముందుకు పోండ్రి, ఆదివారం చూడుండ్రి, సగం వాటంతటవే తీరిపోయి ఉంటయ్.

గ్రూప్-2 నాకు రాలే, అది కూడ చెప్పాలె కదా. 8,180 పోస్టుల గ్రూప్-4ల జూనియర్ అసిస్టెంట్ వచ్చింది, ఆఫీసుల కూసొనే ఇది టైప్ చేస్తున్న.


మిర్చితోట_మల్లి:

పాతకాపు అన్న రాసింది బాగుంది గానీ నాకు అంత చదువు కథ లేదు, ఒక ముచ్చట చెప్పి పోతా చెల్లి.

మాది మానుకోట (మహబూబాబాద్) దగ్గర పల్లె. మా అమ్మ మిర్చి ఏరబోయేది, సెలవుల్లో నన్నూ తీసుకుపోయేది. ఫిబ్రవరి, మార్చిల్లో ఎకరాలకి ఎకరాలు ఎర్రగా పండి ఉంటది, చూస్తేనే నీరసం, పైన ఎండ, చేతులకి మంట, పొరపాటున కళ్ళు నలిపితే ఇక ఆ రోజు అంతే. నేను పది నిమిషాలకోసారి తలెత్తి ఇంకెంత ఉందో చూసేదాన్ని. మా అమ్మ "చేను చూడకే, సాలు చూస్కో" అని అరిచేది. ఇది అందరి అమ్మలూ చెప్పేదే, దీనికోసం రాయట్లేదు.

నేను చెప్పొచ్చేది ఇంకోటి. అన్నాలకి లేచేటప్పుడు మా అమ్మ ఏ చెట్టు దగ్గర ఆపిందో ఆ చెట్టు మీద తువ్వాల కప్పి పోయేది. తిని రాగానే నేరుగా ఆ తువ్వాల దగ్గరికే పోవుడు, వంగుడు, ఏరుడు. మిగతావాళ్ళు సాలు మొదటికాడ నిలబడి ఎక్కడిదాకా వచ్చామబ్బా అని వెతుక్కుంటూ, పనిలో పని ఇంకో రెండు ముచ్చట్లు పెట్టుకుంటూ ఉండేవాళ్ళు. చిన్నప్పుడు నాకది పిచ్చి అలవాటు అనిపించేది.

తర్వాత నేను ఓపెన్ డిగ్రీ కట్టినప్పుడు, ఇద్దరు పిల్లలతో, అదే పని చేశా. రాత్రి పుస్తకం మూసేముందు చిన్న చీటీ మీద "రేపు 84వ పేజీ రెండో పేరా" అని రాసి లోపల పెట్టేదాన్ని. అంతే, ఇంకేం లేదు. పొద్దున లేచి ఏం చదవాలి అని ఆలోచించే పని లేదు, ఆ ఆలోచనే కదా చంపేది. నీ నాలుగున్నరకి కాకతీయులు ఎవరు తీయమన్నారు చెల్లి? లేచాక తీశావు. ముందురోజు రాత్రే తువ్వాల కప్పి ఉంటే బాగుండేది.


సగంచదువు:

అందరికీ థాంక్స్. మల్లక్కా, తువ్వాల ముచ్చట చదివి మా ఆయనకి కూడా చెప్పా, ఆయన షాపులో బిల్లు పుస్తకం మీద స్క్రూడ్రైవర్ పెట్టి అన్నానికి వస్తారట, అదీ ఇలాంటిదేనట.

కానీ ఒక్క డౌట్ అక్కా, తప్పుగా అనుకోకండి. మీ అమ్మగారి చేను పొద్దున ఎంతుందో సాయంత్రానికీ అంతే ఉంటుంది కదా. నాది అలా కాదు. నేను ఒక సాలు ఏరి తలెత్తేలోపు ఇంకో రెండెకరాలు పక్కన కలుస్తోంది. ఇవాళ కరెంట్ అఫైర్స్, రేపు కొత్త పథకం, ఎల్లుండి ఎవరో "ఈసారి ఇక్కడి నుంచే వస్తాయి" అని ఒక పీడీఎఫ్. సాలు చూసుకోవడం సరే, అసలు గట్టు ఎక్కడుంది?


తెనాలి_బాబాయ్:

గట్టు మీ చేతిలో ప్రింటు తీసుకున్న సిలబస్ కాయితమేనండి, ఇంకెక్కడుంటుంది? టెలిగ్రామ్‌లో వచ్చేవన్నీ పక్కవాడి చేలో పంట. మనది కాదు.

నేను ఆంధ్రా వాణ్ణి, మాది ఏపీపీఎస్సీ, మా గ్రూప్-2 లెక్క వేరు. 150కి ప్రిలిమ్స్, అది దాటితే 300కి మెయిన్స్, పైగా తప్పు రాస్తే మూడోవంతు మార్కు కోత. ఆ కోత వల్ల నాకో మేలు జరిగింది, అన్నీ తెలియాలి అనే పిచ్చి పోయింది. హాల్లో 150 బిట్లలో కొన్ని వదిలేసి రావడం మాకు రూలు లాంటిది. వదిలెయ్యడం అలవాటైనవాడికి చదివేటప్పుడు కూడా వదిలెయ్యడం వస్తుంది. మీకు కోత లేదు కాబట్టి ప్రతీదీ పట్టుకోవాలనిపిస్తుంది, అక్కడే దెబ్బ.

పాతకాపు గారు చెప్పినదాంట్లో ఒక్క ముక్కకి మాత్రం నేను ఒప్పుకోను. పేపర్-4 కథలా ఉంటుంది, చదువుతుంటే హాయిగా ఉంటుంది, కరెక్టే. ఆ హాయి కోసమే చాలామంది హిస్టరీ నాలుగుసార్లు తిప్పి, రీజనింగూ డేటా లెక్కలూ పరీక్షకి నెల ముందు దాకా ముట్టుకోరు. నేనూ అంతే, రెండేళ్ళు. పుస్తకం బీరువాలో ఉందన్న సంగతే బరువు, తెరవకపోయినా మోస్తూనే ఉంటాం. అమ్మాయ్, నిజం చెప్పు, మీ సిలబస్‌లో నువ్వు కళ్ళు పక్కకి తిప్పుకునే లైను ఏది? రోజూ అరగంట దాంతో మొదలెట్టు. పది లెక్కలు, తప్పులైనా సరే, పది అవగానే మూసెయ్. బాగా చెయ్యక్కర్లేదు, దానికి భయపడటం మానితే చాలు.

పుస్తకాల సంగతి. సబ్జెక్టుకి ఒకటి ఉంచుకుని మిగతావి మూటకట్టి అటక మీద పడెయ్. అమ్మొద్దు, పారెయ్యొద్దు, పారేస్తే రాత్రి నిద్ర పట్టదు, నాకు తెలుసు. అటక మీదున్నాయి అంటే మనసుకి ధైర్యం, నిచ్చెన వెయ్యాలంటే బద్ధకం, రెండూ మనకి పనికొచ్చేవే.


అశోక్‌నగర్_పాతకాపు:

బాబాయ్ చెప్పింది కరెక్టే, ఒప్పుకుంటున్న. నాకు గ్రూప్-2ల పోయింది కూడ అక్కడ్నే. కాని అక్కకు ముందు ఒక గెలుపు కావాలె, అందుకే కథతోని మొదలువెట్టమన్న. రెండు కలిపి నడిపిస్తె అయిపాయె.


నైట్‌డ్యూటీ_సిస్టర్:

చదువు గురించి నాకు తెలీదు, హాస్పిటల్లో నర్సుగా చేస్తాను, ఒక్క మాట అడుగుదామని. రాత్రి పడుకున్నాక కూడా గుండె దడదడలాడటం, ఊరికే ఏడుపు రావడం, అన్నం సయించకపోవడం, రెండు వారాలు దాటి ఇలా ఉంటే అది సిలబస్ సంగతి కాదు తల్లీ, డాక్టర్‌కి చూపించుకోవాలి. బయటికి పోవడం కుదరకపోతే 14416కి ఫోన్ చెయ్, టెలీ మానస్ అని మనసు బాగోనప్పుడు మాట్లాడే హెల్ప్‌లైన్, ప్రభుత్వానిదే, డబ్బులేమీ ఉండవు, తెలుగులోనే మాట్లాడతారు. నాలుగున్నరకి లేస్తున్నావు సరే, పడుకునేది ఎన్నింటికి? అది రాయలేదు నువ్వు.


సగంచదువు:

సిస్టర్, పట్టుకున్నారు. పడుకునేది పన్నెండున్నరకి. ఏడుపు అప్పుడప్పుడు, దడ లేదు. నెంబర్ రాసి పెట్టుకున్నా.

బాబాయ్ గారూ, కళ్ళు తిప్పుకునే లైను డేటా ఇంటర్‌ప్రిటేషనే. మీకెలా తెలిసిందో.


సగంచదువు:

మూడు వారాలైంది, ఏం జరిగిందో చెప్పకపోతే బాగోదని మళ్ళీ వచ్చా.

ముందు పుస్తకాలు. 23లో 6 ఉంచా, 17 పాత చీరలో మూటకట్టి అటక మీద పెట్టించా. మా ఆయన నిచ్చెన దిగుతూ "ఇవి ఎన్ని వేలు?" అన్నారు, నేను వినపడనట్టు ఊరుకున్నా. టెలిగ్రామ్‌లో ఒక్క కరెంట్ అఫైర్స్ గ్రూపు ఉంచి పదింట్లోంచి బయటికొచ్చేశా, ఆ రాత్రంతా ఏదో పోగొట్టుకున్నట్టే ఉంది, మూడో రోజుకి గుర్తు కూడా లేదు. నాలుగున్నర అలారం తీసేశా, పదిన్నరకి పడుకుని ఐదున్నరకి లేస్తున్నా, చదువు మాత్రం తొమ్మిదిన్నరకి ఇల్లు ఖాళీ అయ్యాకే.

పాత పేపర్-4 గడియారం లేకుండా పెట్టుకున్నా, 58 వచ్చాయి. పాతకాపు తమ్ముడి కన్నా ఐదు తక్కువ :) అయినా ఆ 58 చూసి చాలాసేపు నవ్వుకుంటూ కూర్చున్నా. తర్వాత పేపర్-1 పెట్టుకుంటే సైన్స్ బిట్లు దాదాపు అన్నీ టిక్కులే, వాటికోసం కొన్న లావు పుస్తకం అప్పుడే 17వదిగా పైకి పోయింది.

అత్తమ్మకి ముల్కీ కథ చెప్పా. బియ్యంలో రాళ్ళు ఏరుతూ విన్నారు. పెద్దమనుషుల ఒప్పందం దగ్గర "మరి రాసుకున్నది ఎందుకు పాటించలేదు, ఎవరూ అడగలేదా?" అన్నారు. నోరు ఆగిపోయింది. ఎవరు అడగాలి, దానికి ఏ కమిటీ పెట్టారు అన్నది నేను చదవనే లేదు. వెళ్ళి చూస్తే ప్రాంతీయ సంఘం గురించి మొత్తం ఒక పేజీ ఉంది, ఇన్నాళ్ళూ దాటేసుకుంటూ పోయా. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం ఆవిడే "ఇవాళ ఏంటి కథ" అని అడుగుతున్నారు, తప్పించుకోవడానికి లేదు.

లెక్కలు రోజూ పది. మొదటివారం పదిలో మూడు కరెక్టు. ఇప్పుడు ఐదు, ఒకరోజు ఏడు. ఇష్టం మాత్రం కలగలేదు బాబాయ్ గారూ, ఆ ఆశ పెట్టుకోకండి.

అంతా సాఫీగా ఏం లేదు. రెండో వారం బాబుకి జ్వరం, ఐదు రోజులు పుస్తకం ముట్టలేదు. ఆరో రోజు పొద్దున మళ్ళీ అదే కడుపులో తిప్పుడు, ఇక మొదటినుంచి మొదలెట్టాలి, కొత్త టైంటేబుల్ వెయ్యాలి, స్కెచ్ పెన్నుల డబ్బా చేతిలోకి కూడా తీసుకున్నా. అప్పుడు పుస్తకంలోంచి చీటీ జారింది, జ్వరం రాకముందు రోజు రాత్రి రాసింది, "సాలార్‌జంగ్ సంస్కరణలు, జిల్లాబందీ దగ్గర ఆపాను". అక్కడే తెరిచి కూర్చున్నా. ఇదివరకైతే ఆ ఐదు రోజుల గ్యాప్ నెలన్నర అయ్యేది.

ఇప్పుడు పేపర్-3 మొదలుపెట్టాలి. పాతకాపు తమ్ముడూ, బడ్జెట్‌తో పాటు వచ్చే మన సామాజిక ఆర్థిక ముఖచిత్రం ప్రింట్ తీయిద్దామని షాపుకి పోతే వాడు పేజీల లెక్క చూసి "స్పైరల్ కూడా వెయ్యాలా అక్కా" అన్నాడు, ఆ మందం ఊహించుకునే వెనక్కి వచ్చేశా. అది మొత్తం చదవాలా?


అశోక్‌నగర్_పాతకాపు:

మొత్తం వద్దే వద్దు అక్కా, ప్రింట్ కూడ వద్దు. మొదటి అధ్యాయం, రాష్ట్ర స్థూల ఉత్పత్తి, తలసరి ఆదాయం, వ్యవసాయం పరిశ్రమలు సేవలు ఎవరి వాటా ఎంత, అది గట్టిగ చదువుండ్రి. మిగతా అధ్యాయాలల్ల ముందు పట్టికలు, గ్రాఫులు చూడుండ్రి, అర్థం కాకపోతేనే పక్కన ఉన్న రాత. బాబాయ్ మీద కోపమొచ్చినా సరే, మీ డేటా లెక్కలు కూడ ఆ పట్టికల మీదనే చెయ్యుండ్రి, పోయినేడుకు ఈయేడుకు ఎంత శాతం పెరిగిందని. ఒక్క దెబ్బకు రెండు పనులైతయ్.

అత్తమ్మకు ప్రాంతీయ సంఘం గురించి ఏం చెప్పిన్రో రాయుండ్రి, నాకూ సగమే గుర్తున్నది.


మిర్చితోట_మల్లి:

బాబుకి జ్వరం పూర్తిగా తగ్గిందా చెల్లి? ఖమ్మంలో ఇప్పుడు అందరి పిల్లలకీ ఇదే నడుస్తోందట.